ఔత్సాహిక క్లబ్ కారు పందేలు: బాహ్యరూప నియమాలు, బాడీ దెబ్బలు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఔత్సాహికులు సొంత ఖర్చుతో పాల్గొనే క్లబ్ కారు పందేలలో కారు శుభ్రంగా, సొట్టలు లేకుండా కనిపించాలన్న నియమం ఉంటుంది. వేగమే ప్రధానమైన క్రీడలో రూపానికి సంబంధించిన నియమం ఎందుకన్న ప్రశ్న సహజంగా తలెత్తుతుంది. అమెరికాలోని క్లబ్ రేసింగ్‌ను ఆధారంగా తీసుకొని, ఈ నియమం అలంకారం కోసం కాక భద్రత కోసం, నడవడిక కోసం ఏర్పడినదని ఈ వ్యాసం వివరిస్తుంది. అయితే సొట్ట దెబ్బ తగిలిన సంగతిని మాత్రమే చెబుతుంది. తప్పు ఎవరిదో చెప్పదు. ఈ పరిమితిని క్లబ్బులు ఏయే మార్గాల్లో పూరించుకున్నాయో పరిశీలించడం ఈ వ్యాస ముఖ్యోద్దేశం.

కీలక పదాలు: క్లబ్ రేసింగ్, బాహ్యరూప నియమం, సొట్ట, లాగ్‌బుక్, 50/50 సూత్రం, 13/13 నియమం, స్పెక్ మియాటా.

1. ఉపోద్ఘాతం:
2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా ఈ పోటీ జరిగింది. అటువంటి అంతర్జాతీయ పోటీల్లో కారు జట్టుది. నడిపేవారు వృత్తి క్రీడాకారులు. విరిగిన భాగానికి బదులుగా బిగించడానికి కొత్త భాగం సిద్ధంగా ఉంటుంది. ఆ ఖర్చును జట్టు, దాని ప్రాయోజకులు భరిస్తారు. కారు పందెం అనగానే మన పాఠకుల మనసులో మెదిలేది ఈ చిత్రమే.

క్లబ్ రేసింగ్ స్వరూపం దీనికి పూర్తిగా భిన్నమైనది. ఇందులో పాల్గొనేవారు వారమంతా ఉద్యోగమో వ్యాపారమో చేసుకొని, శని, ఆదివారాల్లో ట్రాక్‌కు వస్తారు. కారు వారిదే. టైర్లు, పెట్రోలు, ప్రవేశరుసుము, మరమ్మతు అన్నీ వారి జేబులోనుంచే. గెలిచినవారికి దక్కేది చాలావరకు ఒక జ్ఞాపిక, కొంత గౌరవం. ఆదివారం సాయంత్రం నలిగిన మడ్‌గార్డుతో ఇంటికి చేరిన సభ్యుడు దాన్ని తానే సరిచేసుకోవాలి, లేదా డబ్బిచ్చి చేయించుకోవాలి. ఈ ఆర్థిక నేపథ్యాన్ని దృష్టిలో ఉంచుకుంటేనే బాహ్యరూప నియమం అంతరార్థం బోధపడుతుంది.

2. క్లబ్ రేసింగ్ నేపథ్యం:
అమెరికాలో ఔత్సాహిక కారు పందేలకు పునాది వేసిన సంస్థల్లో స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా ముఖ్యమైనది. ఇది 1944లో ఏర్పడింది. 1948 అక్టోబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ అనే ఊరి వీధుల మీదుగా, చుట్టుపక్కల రహదారుల మీదుగా జరిగిన పందెం ఈ ఉద్యమానికి ఊపునిచ్చింది. డబ్బు కోసం కాక క్రీడ మీది ప్రీతితో పోటీపడాలన్నది తొలితరం సభ్యుల ఆదర్శం.

ఆ ఆదర్శానికి త్వరలోనే కఠిన పరీక్ష ఎదురయింది. 1952లో వాట్కిన్స్ గ్లెన్ వీధి పందెంలో ఒక కారు అదుపు తప్పడంతో ఒక బాలుడు మరణించాడు. దాంతో పందెం ఊరి వీధులను విడిచిపెట్టింది. 1956 నాటికి ప్రత్యేక ట్రాక్ సిద్ధమయింది. 1955లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో జరిగిన ఘోర ప్రమాదంలో ఎనభై మందికి పైగా మరణించారు. ఆ ఏడాది చివరికి అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ పందేల నిర్వహణ నుంచి పూర్తిగా తప్పుకుంది.

ఈ సంఘటనలు చెప్పే విషయం ఒకటే. కారు పందెం సమాజం ఇచ్చే అనుమతి మీద ఆధారపడిన క్రీడ. ట్రాక్ యజమాని, బీమా సంస్థ, స్థానిక ప్రజలు - వీరిలో ఎవరి నమ్మకం సడలినా పందెం ఆగిపోతుంది. చూడగానే ‘ఇవి బాధ్యత గలవారి కార్లు’ అనిపించడం క్లబ్బులకు ఒక అవసరమయింది. బాహ్యరూప నియమానికి ఉన్న ప్రయోజనాల్లో ఇది పైకి కనిపించే మొదటిది.

3. నియమస్వరూపం - 50/50 సూత్రం:
అమెరికా క్లబ్బుల నియమావళుల్లో ఈ అంశానికి సంబంధించిన సారం దాదాపు ఒక్కటే. కారు శుభ్రంగా, పొందికగా ఉండాలి. రంగు వేయని రేకు, పైరంగు పడని ప్రైమర్ కనిపించరాదు. చెప్పుకోదగిన బాడీ దెబ్బలు ఉండరాదు. పోటీ సంఖ్య, తరగతిని తెలిపే అక్షరాలు స్పష్టంగా కనిపించాలి.

‘చెప్పుకోదగిన దెబ్బ’ అంటే ఎంత? అన్ని సొట్టలను కొలబద్దతో కొలవడం ఆచరణలో సాధ్యం కాదు. అందుకే క్లబ్ వర్గాల్లో 50/50 సూత్రం వాడుకలోకి వచ్చింది. గంటకు 50 మైళ్ల వేగంతో, 50 అడుగుల దూరంలో పోతున్న కారు చూసేవారి కంటికి చక్కగా, వంకర లేకుండా కనిపిస్తే చాలునన్నది దాని భావం.

ఈ సూత్రాన్ని లెక్కకట్టి చూస్తే దాని ఔచిత్యం తెలుస్తుంది. 50 మైళ్లు అంటే సుమారు 80 కిలోమీటర్లు. 50 అడుగులు అంటే సుమారు 15 మీటర్లు. ఆ వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లకు పైగా సాగుతుంది. 15 మీటర్ల దూరాన్ని దాటడానికి దానికి పట్టేది సెకనులో మూడింట రెండు వంతుల కాలం మాత్రమే. ఆ క్షణకాలంలో మనిషి కన్ను గీతలను, చిన్న గుంటలను పట్టుకోలేదు. కానీ బంపర్ ఒక పక్కకు వేలాడుతున్నా, బానెట్ అంచు లేచి ఉన్నా, మడ్‌గార్డు లోపలికి ముడుచుకుపోయినా, ఎర్ర కారుకు నీలం డోరు బిగించి ఉన్నా వెంటనే పట్టుకుంటుంది.

అంటే ఈ సూత్రం ప్రదర్శనశాలలో ఉంచే కారు నునుపును కోరడం లేదు. ట్రాక్ పక్కన నిలబడినవారికి కారు ఆకారంలో తేడా కనిపించకూడదని మాత్రమే కోరుతున్నది. లప్పం పెట్టి, సాగగొట్టి, చేత్తో రంగు పూసిన డోరు దగ్గరినుంచి చూస్తే వికారంగా ఉండవచ్చు. అయినా ఈ పరీక్షలో నెగ్గుతుంది. పరిమితమైన ఆదాయం గల సభ్యుడికి ఈ సడలింపు ఎంతో ముఖ్యమైనది.

4. సొట్ట వెనుక దాగిన ప్రమాదం:
బాహ్యరూప నియమానికి రెండవ ప్రయోజనం భద్రత. మామూలు కారు పైరేకు మందం సాధారణంగా ఒక మిల్లీమీటరు కన్నా తక్కువే ఉంటుంది. ఆ రేకు దానికదే కారు బలం కాదు. దాని వెనుక ఉన్న చట్రమే అసలు బలం. పైన సొట్ట కనిపించిందంటే లోపల ఏదో ఒకటి కదిలి ఉండవచ్చునన్న అనుమానానికి తావుంది.

ఒక్కొక్క భాగాన్ని విడిగా చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. ముందు బంపర్ పైతొడుగు చాలావరకు ప్లాస్టిక్‌ది. దెబ్బ తగిలాక అది తిరిగి మునుపటి ఆకారానికి రావచ్చు. కానీ దాని వెనుక ఉన్న రేడియేటర్ పక్కకు జరిగి, గొట్టం సడలి, నీరు ట్రాక్ మీద కారవచ్చు. వెనుక వచ్చే కార్ల టైర్లు ఆ తడి మీద పట్టు కోల్పోతాయి. లోపలికి ముడుచుకున్న మడ్‌గార్డు అంచు టైరుకు రాసుకుంటుంది. సరళమార్గంలో తగలకపోయినా, మలుపులో కారు ఒక పక్కకు ఒరిగినప్పుడు కోస్తుంది. టైరు పేలడానికి అదొక్కటే చాలు. బానెట్ బిగింపు వదులైతే గాలి ఒత్తిడికి అది లేచి అద్దాన్ని కప్పేస్తుంది. నడిపేవారికి ముందు ఏమీ కనిపించదు. చినిగిన రేకు అంచు పక్క కారు టైరును కోయగలదు. కారును తోయడానికి వచ్చిన స్వచ్ఛంద సేవకుడి చేతినీ కోయగలదు.

చక్రాన్ని చట్రానికి కలిపే భాగాలు వంగితే ప్రమాదం మరింత సూక్ష్మంగా ఉంటుంది. చక్రం కొద్దిగా పక్కకు తిరిగిన కారు నెమ్మదిగా నడిపినప్పుడు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు మాత్రం ఒక పక్కకు లాగుతుంది. ఆ సమయంలో పక్కన మరో కారు ఉంటే ఫలితం ఊహించదగినదే.

ఇక్కడ ఇంకొక కోణం ఉంది. పాత సొట్ట కొత్త సొట్టను కప్పిపుచ్చుతుంది. నిండా దెబ్బలున్న కారులో నేటి ఉదయం తగిలిన దెబ్బ ఏదో, గత నెలలో తగిలినది ఏదో తనిఖీ చేసేవారు చెప్పలేరు. శుభ్రమైన రేకు మీద కొత్త మచ్చ మాత్రం దాచినా దాగదు. ఈ దృష్టితో చూస్తే, సరిచేసిన బాడీ తనిఖీకి తెల్లకాగితం వంటిది. కొత్తగా ఏం జరిగినా దాని మీద రాతలాగా కనబడుతుంది.

5. తనిఖీ, లాగ్‌బుక్, జెండా:
నియమాన్ని అమలుపరిచే యంత్రాంగంలో మూడు అంచెలు కనిపిస్తాయి.

మొదటిది పోటీకి ముందు జరిగే తనిఖీ. స్వచ్ఛందంగా పనిచేసే తనిఖీదారులు రోల్‌కేజ్, బెల్టులు, హెల్మెట్, మంటలార్పే సాధనం వంటివాటితోపాటు బాడీని కూడా చూస్తారు.

రెండవది లాగ్‌బుక్. ప్రతి పోటీ కారుకూ ఇటువంటి పుస్తకం ఒకటి ఉంటుంది. ఏ ట్రాక్‌లో, ఏ తేదీన పోటీపడిందీ, ఏ లోపం కనబడిందీ అందులో నమోదవుతాయి. ప్రమాదానికి గురైన కారు పుస్తకంలో దెబ్బ వివరం రాసి, తదుపరి పోటీకి ముందు సరిచేయాలని తనిఖీదారు షరతు పెడతారు. ఆ షరతు నెరవేరిందని మరో తనిఖీదారు సంతకం చేసేవరకు కారు ట్రాక్ మీదికి రావడానికి వీలుండదు. కారు చేతులు మారినా పుస్తకం కారుతోనే వెళ్తుంది. కొనేవారికి అదే ఆ కారు చరిత్ర.

మూడవది పందెం నడుస్తుండగా వాడే జెండా. నల్లని గుడ్డ మీద నారింజరంగు వృత్తం గల జెండాను కారు సంఖ్యతో కలిపి చూపితే, ఆ కారుకు యాంత్రిక లోపం ఉందని, వెంటనే పిట్‌లోకి రావాలని అర్థం. వేలాడుతున్న బంపర్‌కో, రాసుకుంటున్న టైరుకో ఈ జెండా వర్తిస్తుంది. మలుపు వద్ద నిలబడిన సేవకులు కారు సంఖ్యను చదివి పైకి తెలపాలి. డోరు మీద సంఖ్య చెరిగిపోయినా, సంఖ్య లేని డోరును హడావుడిగా బిగించినా ఆ సమాచార వ్యవస్థ దెబ్బతింటుంది. సంఖ్య స్పష్టంగా ఉండాలన్న నిబంధనను బాహ్యరూప నియమంతో జోడించడానికి కారణం ఇదే.

అదే రోజు దెబ్బ తగిలిన కారు విషయంలో క్లబ్బులు కొంత వెసులుబాటు చూపుతాయి. ఉదయం సొట్ట పడిన కారును మధ్యాహ్నం పోటీకల్లా రంగు వేసి తీసుకురావడం అసాధ్యం. సుత్తితో రేకును టైరుకు దూరంగా కొట్టి, పదునైన అంచుల మీద బలమైన టేపు అంటించి వస్తే, భద్రతకు లోటు లేదని తనిఖీదారు భావించినప్పుడు అనుమతి లభిస్తుంది. టేపు ఆ రోజు గడవడానికే. వచ్చే నెల పోటీకి అదే టేపుతో వస్తే చెల్లదు.

6. నష్టం భరించేది ఎవరు?
క్లబ్ రేసింగ్‌లో సాధారణ సంప్రదాయం ప్రకారం ఎవరి కారు నష్టం వారిదే. ఢీకొట్టినవారి నుంచి మరమ్మతు ఖర్చు రాబట్టే హక్కు సాధారణంగా ఉండదు. ట్రాక్‌లోకి అడుగుపెట్టేముందే నష్టభయాన్ని అంగీకరిస్తూ సంతకం చేయడం అందరికీ తప్పనిసరి. రోజువారీ కారుకు తీసుకునే బీమా ఇక్కడ అక్కరకు రాదు. ఈ విషయం తెలుగు పాఠకులకు కొత్తది కానక్కరలేదు. మన దేశంలో సొంత కారుకు తీసుకునే ప్యాకేజీ పాలసీలో కూడా వినియోగపరిమితుల కింద వ్యవస్థీకృత పందేలు, వేగపరీక్షలు బీమా వర్తించని వాడకాలుగా పేర్కొనబడి ఉంటాయి.

ఈ స్థితిలో బాహ్యరూప నియమానికి మూడవ ప్రయోజనం ఏర్పడుతుంది. సొట్టను సరిచేయనిదే తదుపరి పోటీకి రావడానికి వీలులేదు గనుక, కారును తాకించడానికి తప్పనిసరిగా ఒక ధర ఉంటుంది. ఇరుకు సందులో దూరబోయే ముందు ఆ ధర గుర్తుకు వస్తుంది. నియమం లేకపోతే, ఇప్పటికే పది సొట్టలున్న కారు యజమానికి పదకొండవ సొట్ట లెక్కలోనిది కాదు. ఆ పక్కనే కొత్త రంగు వేయించుకొని వచ్చిన సభ్యుడికి మాత్రం అది రెండు నెలల పొదుపు కావచ్చు. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివారు, ఎంతో ఉన్నవారు ఒకే మలుపులోకి పక్కపక్కన ప్రవేశించినప్పుడు వెనక్కి తగ్గేది ఎప్పుడూ రెండవవారే. ఈ అసమానతను తగ్గించడమే నియమం చేసే అసలు పని.

7. నియమపరిమితి - తప్పు నిర్ణయం:
అయితే ఈ నియమంలో ఒక అన్యాయం కూడా ఉంది. ఢీకొట్టినవారి కారుకూ, దెబ్బ తిన్నవారి కారుకూ అది సమానంగానే వర్తిస్తుంది. ఏ తప్పూ చేయని సభ్యుడు కూడా సొంత ఖర్చుతో డోరు మార్చుకోవలసిందే. పైగా ఢీకొట్టిన కారుకు ముందు బంపర్ మీద ఒక గీత మాత్రమే మిగిలి, దెబ్బ తిన్న కారు గోడకు తగిలి నుజ్జయిన సందర్భాలూ ఉంటాయి. అప్పుడు బాహ్యరూప నియమం బాధితుడిని ఇంట్లో కూర్చోబెట్టి, బాధ్యుడిని ట్రాక్ మీదికి పంపుతుంది. రేకు సాక్ష్యం చెప్పగలదు గాని తీర్పు చెప్పలేదు.

ఈ లోటును పూరించడానికి క్లబ్బులు వేరువేరు మార్గాలు అనుసరించాయి. వాటిలో పేర్కొనదగినది 13/13 నియమం. 1992లో క్లబ్ రేసింగ్ మొదలుపెట్టిన పోర్షే క్లబ్ ఆఫ్ అమెరికాలో ఇది ప్రసిద్ధం. ఢీకొన్న సంఘటనపై విచారణ జరిపి తప్పు ఎవరిదో నిర్ణయిస్తారు. బాధ్యుడిగా తేలిన డ్రైవరు 13 నెలలపాటు పరిశీలనలో ఉంటాడు. ఆ గడువులో మరోసారి బాధ్యుడిగా తేలితే 13 నెలలు పోటీలకు దూరం కావాలి. గడువు పన్నెండుకు బదులు పదమూడు నెలలు కావడం వల్ల మరుసటి సంవత్సరం అదే ట్రాక్‌లో అదే సమయంలో జరిగే పోటీ కూడా ఆ పరిధిలోకి వస్తుంది. పురాతన కార్ల పందేలు నిర్వహించే సంఘాల్లో కూడా ఈ పేరుతో ఇటువంటి నియమాలు ఉన్నాయి. తిరిగి దొరకని రేకును కాపాడుకోవడం అక్కడ మరింత అవసరం.

దీనికి పూర్తిగా ఎదురుకొసన ఉన్నది 24 అవర్స్ ఆఫ్ లెమన్స్ పోటీ. ఇది 2006లో కాలిఫోర్నియాలో మొదలయింది. లె మాన్స్ పేరుకు ఇది హాస్యానుకరణ. ఆంగ్లంలో పనికిరాని కారును నిమ్మకాయతో పోలుస్తారు. భద్రతా సామగ్రి ఖర్చును మినహాయించి కారు విలువ 500 డాలర్లకు మించరాదన్నది దీని మూలనియమం. ఇక్కడ 50/50 సూత్రం వర్తించదు. తుప్పుపట్టిన రేకు, అట్టముక్కల అలంకారం, వింత వేషాలు అన్నీ స్వాగతించబడతాయి. కానీ కార్లు ఒకదానికొకటి తాకితే, తప్పు ఎవరిదైనా సరే, నల్లజెండా చూపి పిట్‌లోకి పిలుస్తారు. తొలిరోజుల్లో తోటివారి ఓటుతో ఎంపికైన కారును యంత్రంతో నుజ్జు చేసే శిక్ష కూడా ఉండేది.

ఈ రెండు ఉదాహరణలను పక్కపక్కన ఉంచి చూస్తే ఒక విషయం తేటతెల్లమవుతుంది. రూపానికి అత్యధిక విలువ ఇచ్చే పోటీ, రూపాన్ని పూర్తిగా విడిచిపెట్టిన పోటీ - రెండూ కార్లు తాకుకోవడాన్ని కఠినంగానే నియంత్రిస్తున్నాయి. అంటే క్లబ్బులు కాపాడదలచినది కారు అందాన్ని కాదు. కారు అందం ఆ లక్ష్యానికి ఒక సాధనం మాత్రమే.

8. స్పెక్ మియాటా అనుభవం:
నియమం ఉన్నా ఆచరణలో ఎదురయ్యే చిక్కులకు స్పెక్ మియాటా తరగతి మంచి నిదర్శనం. 1989లో మార్కెట్‌లోకి వచ్చిన మాజ్దా మియాటా తేలికైన, తక్కువ ధరకు దొరికే రెండు సీట్ల కారు. దాదాపు సమానమైన సామర్థ్యం గల ఇటువంటి కార్లతోనే ఈ తరగతి నడుస్తుంది. సామర్థ్యం సమానం కావడంతో కార్లు గుంపులుగా, బంపర్‌కు బంపర్ ఆనేంత దగ్గరగా సాగుతాయి. సరళమార్గంలో ముందు కారు చీల్చిన గాలిచాటున పోతూ, దాన్ని బంపర్‌తో నెట్టడం కూడా కనిపిస్తుంది. ఫలితంగా ఈ తరగతికి ‘స్పెక్ పిన్యాటా’ అన్న హాస్యనామం ఏర్పడింది. పిన్యాటా అంటే మెక్సికో వేడుకల్లో పిల్లలు కర్రతో కొట్టి పగలగొట్టే, మిఠాయిలు నింపిన బొమ్మ. మన ఉట్టిని గుర్తుకు తెస్తుంది.

ఇక్కడ రెండు వాదాలు ఎదురెదురుగా నిలుస్తాయి. నియమాన్ని కఠినం చేస్తే, ఖర్చు తక్కువని ఈ తరగతిని ఎంచుకున్న సభ్యులే ముందుగా దూరమవుతారని ఒక వాదం. కఠినం చేయకపోతే కార్లు తాకించుకోవడం అలవాటుగా మారి, చివరికి అందరి ఖర్చూ పెరుగుతుందని రెండవ వాదం. రెండింటిలోనూ నిజం ఉంది. పాత కార్ల దుకాణంలో దొరికిన డోరు, చేత్తో వేసిన రంగు చాలునని చెప్పే 50/50 సూత్రం ఈ రెంటికీ మధ్యేమార్గం. కారులో అమర్చే కెమెరాలు వచ్చాక తప్పు నిర్ణయించడం కొంత తేలికయింది. అయినా, దృశ్యాన్ని చూసి నిర్ణయం చెప్పవలసినది మనుషులే. వారు కూడా జీతం లేని స్వచ్ఛంద సేవకులే.

9. ముగింపు:
క్లబ్ కారు పందేలలో బాహ్యరూప నియమం మూడు పనులు చేస్తుంది. క్రీడ పట్ల సమాజానికి ఉన్న నమ్మకాన్ని నిలుపుతుంది. సొట్ట వెనుక దాగిన ప్రమాదాన్ని బయటపెడుతుంది. నిర్లక్ష్యంగా నడపడానికి ఒక ధరను నిర్ణయిస్తుంది. అది చేయలేని పని తప్పొప్పుల నిర్ణయం. అందువల్ల లాగ్‌బుక్, విచారణ, 13/13 వంటి శిక్షాక్రమం తోడులేని చోట అది కేవలం రంగు పూసే నియమంగా మిగిలిపోతుంది. నిర్దోషి మీద భారంగా కూడా పరిణమిస్తుంది.

వేతనం ఇచ్చే యజమాని గాని, నష్టపరిహారం ఇప్పించే న్యాయస్థానం గాని లేని చోట, సమానులైన సభ్యులు పరస్పరం హాని చేసుకోకుండా ఎలా పోటీపడగలరన్నదే ఈ నియమం వెనుక ఉన్న మూలప్రశ్న. సరిచేసిన మడ్‌గార్డుతో తిరిగివచ్చిన కారు ఆ ప్రశ్నకు పాక్షికమైన సమాధానం మాత్రమే. మిగిలిన సగం, పక్కన మరో కారు ఉందని తెలిసి మలుపులో దానికి చోటు విడిచే డ్రైవరు వివేకం మీద ఆధారపడి ఉంది.